సూరత్: సాంచాల మోత, ర్యాప్ పాట

సూరత్ నగరంలో రైలు పట్టాలకు తూర్పున లింబాయత్ అనే పేట ఉన్నది. పట్టాల కిందుగా పోయే ఇరుకైన దారిని అక్కడివారు గర్నాలా అంటారు. దానిని దాటి అవతల అడుగుపెట్టిన తెలుగు ప్రయాణికునికి ముందుగా ఆశ్చర్యం, ఆ వెంటనే తలపోటు కలుగుతాయి. ఆశ్చర్యానికి కారణం, గుజరాతీ, మరాఠీ, ఒడియా మాటల నడుమ తెలంగాణ యాస తెలుగు స్పష్టంగా వినబడడం. చేతిమగ్గానికి కాలం చెల్లుతున్న రోజులలో కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి పొట్ట చేతపట్టుకొని బయలుదేరిన పద్మశాలి కుటుంబాలు కొన్ని షోలాపూర్‌లోను, భివండిలోను ఆగిపోగా, మరికొన్ని ఇక్కడ స్థిరపడ్డాయి. ఆశ్వయుజ మాసంలో ఈ సందులలో బతుకమ్మ ఆడతారు. పురపాలక సంస్థ నడిపే బడులలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది.

ఇక తలపోటుకు కారణం మరమగ్గాలు. నేతపనివారు వీటిని సాంచాలు అంటారు. రేకుల కప్పు కింద పదులకొద్దీ సాంచాలు ఒకేసారి నడుస్తుంటే, నాడె ఆ చివరి నుండి ఈ చివరికి కొట్టుకుంటూ పరుగెత్తే చప్పుడు నేలలో నుండి పాదాలకు ఎక్కుతుంది. ఇటువంటి షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలే. కొన్నిచోట్ల నూరుకు చేరుతుంది. మన దేశంలో 8 గంటల పనిదినానికి 90ని హద్దుగా పాటిస్తూ వచ్చారు. డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 3 పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపవుతుంది. సూరత్ సాంచాల వద్ద పాళీ తరచుగా 12 గంటలు. కూలి మీటరు లెక్కన వస్తుంది గనుక ఎవరూ మధ్యలో లేచి వెళ్లరు. కొందరు చెవులలో దూది పెట్టుకుంటారు. దూది మనసుకు ధైర్యమిస్తుందేమోగాని, చెవిని పెద్దగా కాపాడదు.

ఒక శీతకాలపు సాయంకాలం ఈ పేట నుండి ఇద్దరు మిత్రులు పాట వినడానికి బయలుదేరారు. ఇద్దరికీ ఇరవైమూడేళ్లు. తెలుగు బడిలో ఒకే బల్లపై కూర్చుని చదువుకున్నవారు. ఒకడు రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్టులో లెక్కలు రాస్తాడు. రెండవవాడు పద్దెనిమిదవ ఏట నుండి సాంచాలు నడుపుతున్నాడు. టిక్కెట్లు కొన్నది లెక్కల మిత్రుడు. కొంతకాలంగా సాంచాల మిత్రుడు ఫోను చేస్తే తీయడు. తీసినా పొడిమాటలతో ముగించి, విషయమేదో రాసి పంపమంటాడు. ఏదో మనసులో పెట్టుకున్నాడని ఇతనికి అనుమానం. చిన్నప్పటి స్నేహాన్ని కుదుట పరచుకోవడానికే ఈ ప్రయాణం.

ఆటో గర్నాలా దాటి, మజూరా గేటు, అఠ్వా గేటు మీదుగా డుమ్మస్ రోడ్డు పట్టింది. మురుగు కాలువల వాసన నుండి చెట్ల నీడలకు, అద్దాల దుకాణాలకు నగరం అరగంటలో మారిపోయింది. కచేరీ ఒక పార్టీ ప్లాట్‌లో జరుగుతున్నది. గుజరాతులో పార్టీ ప్లాట్ అంటే పెళ్లిళ్లకు, నవరాత్రులలో గర్బా నృత్యాలకు అద్దెకిచ్చే విశాలమైన మైదానం. మద్యనిషేధం ఉన్న రాష్ట్రం గనుక ఎంతటి కుర్రకారు గుమికూడినా చేతులలో ఉండేవి సోడాలు, కోల్డ్ కోకో గ్లాసులే. చిక్కటి పాలలో కోకో కలిపి చల్లబరచిన ఈ పానీయం సూరత్ ప్రత్యేకత. చలికాలంలోనైనా వదులుకోదగినది కాదు. వేడివేడి లోచోను నూనె, సేవ్ చల్లి పెట్టే బండి వద్దనైతే గుంపు మరీ దట్టంగా ఉన్నది.

వేదిక పైకి రానున్నవాడు ముంబయి పేటల నుండి పైకి వచ్చిన ర్యాప్ గాయకుడు. ఈ కళకు పుట్టిల్లు న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతం. 1973 ఆగస్టు 11న అక్కడి సెజ్విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనంలో సిండీ కాంప్‌బెల్ అనే యువతి ఏర్పాటుచేసిన విందులో, ఆమె అన్న కూల్ హెర్క్ గ్రామఫోను రికార్డులు వేశాడు. పాటలో గానం ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే చిన్న ఖండాన్ని రెండు రికార్డుల సాయంతో సాగదీయడం అతని నేర్పు. ఆ దరువుపై మాటలు కూర్చి చెప్పడం క్రమంగా ర్యాప్ అయింది. మన దేశంలో డివైన్, నేజీ అనే ముంబయి యువకుల పాట 2015లో వచ్చింది; 2019లో గల్లీ బాయ్ చిత్రం ఆ వీధుల కథను ఇంటింటికీ చేర్చింది. హైదరాబాదులో రోల్ రైడా వంటివారు తెలుగులో పాడారు. సాంచాల మిత్రునికి ఈ పాటలన్నీ కంఠస్థం. అయితే అతడు వాటిని నేర్చుకున్నది ఫోను తెరపై సాహిత్యం చదువుకుంటూ. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

దీపాలు ఆరాయి. మొదటి దరువు పడగానే మైదానమంతా ఒక్కసారి ఎగిరింది. లెక్కల మిత్రుడు వెనుక నుండి అరిచాడు: "ఎట్లుందిరా?" జవాబు లేదు. మళ్లీ అడిగాడు. లేదు. ఇంతలో వేదిక పై నుండి తెల్లటి కాంతి జనం మీద పడింది. మిత్రుడు వెనుదిరిగి ఇతని ముఖం చూశాడు. ఇతడు మూడవసారి అడిగాడు.

"మస్తుంది" అన్నాడు వెంటనే.

కాంతి తొలగింది. ఈసారి ఇతడు కావాలనే చీకటిలో అతని పేరు పెట్టి పిలిచాడు. అతడు కదలలేదు. రెండు పాటల నడుమ విరామంలో, దీపం కిందకు లాగి అడిగాడు: "నీకు ఇనబడుతలేదా?"

"దరువు గుండెల కొడుతుంది. మాటలే తెగిపోతున్నయ్."

"ఎప్పటి సంది?"

"యాడాది."

"ఇంట్ల చెప్పినవా?"

"నాయినకు చెప్తే మాత్రం ఇనబడుతదా?" అని నవ్వాడు. ఇరవైయేళ్లకు పైగా సాంచాలు నడిపిన ఆ తండ్రి ఇప్పుడు ఎదుటివారి పెదవులు చూసి మాట్లాడతాడు. లెక్కల మిత్రుడు నవ్వలేదు.

మోత వల్ల దెబ్బతినే చెవి ఒక్కసారిగా మూసుకుపోదు. మొదట 4,000 హెర్ట్జ్ ప్రాంతపు సన్నని ధ్వనులు జారిపోతాయి. డోలు వినబడుతుంది, కాని స, ష, త, క వంటి హల్లులు అరిగిపోతాయి. మాట ఉన్నట్టే ఉంటుంది, అర్థం అందదు. అంత్యప్రాసే ప్రాణమైన ర్యాప్‌లో ఇది ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. ఒకసారి పోయిన ఆ సూక్ష్మకణాలు తిరిగి మొలవవు. ఉన్నవాటిని కాపాడుకోవడమే మార్గం. కచేరీలు మాత్రం నిరపాయమని కాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినోద వేదికలకు సగటున 100 డెసిబెల్స్ గరిష్ఠ పరిమితిగా సూచించింది. కాని కచేరీ రెండు గంటలది, ఏడాదికి ఒకసారిది. సాంచా ప్రతిదినం నడుస్తుంది. మోత వల్ల వచ్చే వినికిడి లోపం 1948 నాటి కర్మాగారాల చట్టపు మూడవ షెడ్యూలులో, అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల జాబితాకెక్కింది. చిన్న చిన్న షెడ్డులలో తెలియజేసేవాడెవడు?

లాంకషైర్ నేతమిల్లులలో పనిచేసిన ఆంగ్ల స్త్రీలు ఈ మోతను తట్టుకోవడానికి పెదవుల కదలికలనే భాషగా మలచుకున్నారు. దానిని మీ-మా అనేవారు. తెలుగు చెవికి ఆ పేరు చుట్టరికంలా వినబడుతుంది. లింబాయత్ షెడ్డులలో దానికి పేరు లేదుగాని, పద్ధతి ఉన్నది. నేతవారి బిడ్డ గనుక లెక్కల మిత్రునికి కూడా అది తెలుసు. అతడు వేదికకు వీపు పెట్టి నిలబడ్డాడు. దీపాలు తన ముఖంపై పడే చోటు వెతుక్కున్నాడు. గాయకుడు పలికే ప్రతి మాటనూ, తనకు తెలిసినంతవరకు, పెదవులతో విడమరచి పలకసాగాడు. తెలియనిచోట తడబడితే ఎదుటివాడే అందుకొని పూర్తిచేశాడు. చుట్టుపక్కలవారు వింతగా చూశారు. ఖరీదు పెట్టి టిక్కెట్టు కొన్న మనిషి చివరి నాలుగు పాటలలో గాయకుని ముఖం చూడనే లేదు.

రాత్రి పది కాగానే దరువు ఆగింది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం, ప్రత్యేక అనుమతి లేనిదే పది దాటి ధ్వనివర్ధకాలు మోగరాదు. జనం విసుక్కుంటూ గేటు వైపు కదిలారు. అదే సమయంలో లింబాయత్‌లో రాత్రి పాళీ సాంచాలు మూడు గంటలుగా నడుస్తున్నాయి.

తిరుగు దారిలో మజూరా గేటు వద్ద ఆటో ఆగింది. ఎడంగా సివిల్ ఆస్పత్రి దీపాలు కనబడుతున్నాయి. ఆటోలో చీకటి. లెక్కల మిత్రుడు ఫోను దీపం వెలిగించి తన నోటి మీదకు తిప్పుకున్నాడు.

"సోమవారం పొద్దున పోదామా? చెవుల పరీక్ష చేయిస్తరట."

"పాళీ ఉన్నది."

"మంగళవారం?"

అతడు కొంతసేపు ఆస్పత్రి వైపు చూశాడు. తరువాత మిత్రుని పెదవుల వైపు చూశాడు.

"దీపం బంద్ చెయ్. బ్యాటరీ అయిపోతది" అన్నాడు. ఆటో గర్నాలా దాటేవరకు ఇతడు దానిని ఆర్పలేదు.