చవుక బియ్యము, సారా రాబడి

ఒక దేశపు జనుల జీవనప్రమాణము పెరిగినదా తరిగినదా యని తెలిసికొనుటకు ఆర్థికశాస్త్రజ్ఞులు తలసరి యాదాయమును లెక్కింతురు. ఆ లెక్కను మేము నిరసింపము. గాని సంపాదించినవాని జేబులోని సొమ్ము పొయ్యిదాక వచ్చినదా, దారిలో నిలిచినదా యనునది ఆ పట్టికలలో కానరాదు.

1983వ సంవత్సరమున నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్య మిప్పింప నారంభించెను. మంచి పని. మా నెల్లూరు జిల్లా మెట్టపల్లెలలో సంగటితో కాలము గడపు నిండ్లలో అన్న ముడుకుట మేము కన్నులార చూచితిమి. అయితే ఆ బియ్యమువలని నష్టమును భరించు ఖజానాకే సారా సుంకము ముఖ్యమైన రాబడి. వేలములో దుకాణములు పాడిన కంట్రాక్టరులు పాటసొమ్మును రాబట్టుకొనవలెను గదా! సారా ప్యాకెట్లు పల్లెపల్లెకును చేరెను. త్రాగువానికి దుకాణముదాక నడచు శ్రమయు తప్పెను.

మా యింట ధాన్యము చెరుగుటకు వచ్చు నొక యమ్మను, చవుక బియ్యము తెచ్చుకొంటివా యని యడిగితిమి. “బియ్యం చవకేనమ్మా, ఆ రెండు రూపాయలే ఇంటికి రావడం లేదు” అనెను. ఆమె మగడు సోమరి కాడు. పని దొరకిన దినమున మానినవాడు కాడు. అతని కూలి ఆ యేండ్లలో కొంత పెరిగినది కూడ. పెరిగినంతయు సారాకొట్టు నొద్దనే చెల్లిపోయెను. లెక్కలు వ్రాయువారి దృష్టిలో ఆ కుటుంబ మొక మెట్టు పైకెక్కినట్లే!

ఈ రెండు పద్దులను కలిపి చూచినవారు మంత్రులు కారు, అక్షరాస్యతా తరగతులలో అప్పుడప్పుడే అక్షరములు దిద్దుచున్న స్త్రీలు. దూబగుంటలో వారు సారాకొట్టు మూయించిరి. 1992లో ఆ యుద్యమము జిల్లా యంతట వ్యాపించి వేలముపాటలనే యడ్డుకొనెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమాయెను; 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. వారు కోరినది కూలి పెంచుమని కాదు. వచ్చిన కూలిని ఇంటికి రానిమ్మని. ఇంతకంటె చవుకయైన ఆర్థికసంస్కరణమును మేమెరుగము.

అది చిరకాలము నిలువలేదు. 1996లో బియ్యము ధర మూడున్నర రూపాయలాయెను. 1997లో ఖజానా లోటు కారణముగా మద్యనిషేధమును సడలించిరి. సారాపై నిషేధము మాత్రము మిగిలినది. లోటును పూడ్చుట ప్రభుత్వమునకు తప్పదు, నిజమే. ఏ యింటి సొమ్ముతో పూడ్చుట యన్నదే మా తగవు. 2023 జనవరినుండి ఆహారభద్రతా చట్టము క్రింద నిచ్చు బియ్యమునకు వెలయే లేదు. మద్యపు రాబడి నేటికిని రెండు తెలుగు రాష్ట్రముల బడ్జెట్లలోను పెద్ద పద్దుగనే యున్నది.