తరంగంబాడిలో వెదుకులాట

ఉపగ్రహములు తెలుపు అక్షాంశ రేఖాంశములను బట్టి ఒకరు దాచిన పెట్టెను మరియొకరు వెదకి పట్టు ఆట 2000వ సంవత్సరమున అమెరికాలో పుట్టినది. ఆ ఆటను మా ఉపాధ్యాయులు తరంగంబాడిలో మాచేత ఆడించిరి. అక్షాంశమున ఒక్క నిమిషమనిన మైలుకు పైమాటే. అందుచేత సెకండ్లు సహా లెక్కించుచు నడచితిమి.

1792నాటి నగరద్వారము దాటగానే రాజవీధి. తెల్లని గోడలు, స్తంభముల వసారాలు, 1718లో వెలసిన కొత్త జెరూసలేము చర్చి, ఆవల సముద్రము, డేనుల కోట. 1845లో డేనులు ఈ యూరిని ఆంగ్లేయులకు అమ్మివేసిరి. పిదప వర్తకము సన్నగిల్లుటచేతనే కాబోలు, పాత మేడలు కూలద్రోయబడక మిగిలినవి!

మా మాటలు విని ఒక పెద్దాయన, "ఆంధ్రమునుండి వచ్చితిరా?" అని తమిళమున నడిగెను. "తమిళనాడువారమే" యని తమిళముననే చెప్పితిమి. ఆయన నమ్మినట్లు తోచలేదు.

పెట్టె కోట వెలుపల దొరకినది. అందొక ప్రశ్న: "ఈ రేవున డేనులకు చోటిచ్చిన రాజెవరు?" తంజావూరు రఘునాథనాయకుడు; ఒడంబడిక 1620లో జరిగినది. తెలుగున వాల్మీకి చరిత్రము రచించిన కవియు నాతడే. పెద్దాయనకు ఆ సంగతి చెప్పవలెనని వెనుకకు పరుగెత్తితిమి గాని, ఆయన అప్పటికే వెడలిపోయెను. పెట్టెలోని చిన్న పుస్తకమున మా పేర్లు తెలుగు లిపిలో వ్రాసి, దానిని యథాస్థానమున నుంచితిమి.