రంగు డబ్బా కొనే ముందు

ప్లాస్టిక్ కార్ల షౌక్ చాలా ఏండ్ల తర్వాత మళ్లీ పట్టుకున్నోళ్లు ముందు అడిగేది "ఏ రంగు కొట్టాల?" అని. రంగు సంగతి ఆఖర్న చూసుకోండి భాయ్. డబ్బాలో ఉన్న మందు ఏంది, అది ప్లాస్టిక్‌ను ఏం చేస్తుంది, మన కర్నూలు హవాలో ఎట్ల ఆరుతుంది, ఇంట్లో ఎవరి ఊపిరికి తకలీఫ్ ఇస్తుంది, ఇవి తేలినాకే రంగు.

మా ఇంట్లో ఊపిరి మాటే అన్నిటికన్నా పెద్దది. అబ్బాజాన్ కడపలో ముప్పై ఏండ్లు కార్లకు డ్యూకో కొట్టినారు. డ్యూకో అంటే అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920లలో తెచ్చిన రంగు పేరు. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరిపోయింది. కంపెనీ ఎవరికీ యాద్ లేదు గానీ పేరు మాత్రం మన షెడ్లలో నిలిచిపోయింది. మూతికి రుమాల్ కట్టుకుని కొట్టేవారు. రుమాల్ దుమ్మును కొంత ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఇప్పుడు మిద్దె మెట్లెక్కితే దమ్ము పడుతుంది. రంగు వాసన దగ్గరికే పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పినాడు.

అందుకే తమియా వాళ్ల బీటిల్ కిట్ తెచ్చినప్పుడు నేను ముందు చూసింది డబ్బాల వెనక చిన్నక్షరాలు. ఇది 1/24 సైజు. అసలు కారు నాలుగు మీటర్లు ఉంటే ఇది పదిహేడు సెంటీమీటర్లు, అరచేయి కన్నా కొంచెం పెద్దది. బాడీ పాలీస్టైరీన్. ఈ ప్లాస్టిక్ నాజూకుది, షెడ్లో వాడే ఎన్.సి. థిన్నర్ తగిలితే కరిగిపోతుంది.

కార్ల సామాన్ల దుకాణాల్లో దొరికే స్ప్రే డబ్బాలు సస్తా, పెద్దవి కూడా. అవి ఇనుప గేట్లకు, బంపర్లకు చేసినవి. వాటి ధార లావు. డోరు గీతలు, చిన్న చిన్న అక్షరాలు మందపాటి రంగు కింద దఫన్ అయిపోతాయి. కొన్నిట్లో ద్రావకం కూడా తేజ్. వాడొద్దని అనను. కిట్‌లో భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ఉంటుంది కదా, ఆ ముక్క మీద కొట్టి ఒక రోజు చూడండి. మెత్తబడలేదు, ముడతలు రాలేదు అంటే సరే.

కిట్ల కోసమే చేసిన డబ్బాల్లో తమియా టీఎస్ వరుస నాకు నచ్చింది. 100 మిల్లీలీటర్ల డబ్బా, ఖరీదు బాగా ఎక్కువ. కానీ సన్నటి తుంపర, పల్చటి పొర. ఒక బాడీకి కొట్టినా ఇంకా మిగులుతుంది. అదే కంపెనీ పీఎస్ వరుస కూడా పక్కనే, అట్లాంటి డబ్బాలోనే ఉంటుంది. అది రిమోట్ కార్ల పాలీకార్బొనేట్ బాడీలకు, మన కిట్లను పాడు చేస్తుంది. ఒక్క అక్షరం ఫరక్, చూసి తీసుకోండి.

గల్ఫ్‌లో మనోళ్లు ఉన్న ఇండ్లకు ఇంకో మాట. "దుబాయ్ నుంచి మామూతో తెప్పించుకుందాం" అనుకుంటారు. కిట్ అయితే తెప్పించుకోండి, రంగు స్ప్రే డబ్బా వద్దు. చెక్-ఇన్ బ్యాగులోనూ చేతి సంచిలోనూ దాన్ని విమానంలోకి రానివ్వరు. ఎయిర్‌పోర్టులో ఆయనను ఎందుకు నిలబెట్టడం? ఇక్కడే ఆర్డర్ పెట్టుకుని, రోడ్డు మీద వచ్చేదాకా సబర్ చేయండి.

పొరల మీద పొరలకు అబ్బాజాన్ సూత్రం "తేజ్ నీచే, నరమ్ ఊపర్". అంటే లాకర్ కింద, ఎనామెల్ పైన. ఆరిన లాకర్ మీద ఎనామెల్ నిలబడుతుంది. ఎనామెల్ మీద లాకర్ కొడితే కింది పొర ముడుచుకుపోతుంది. షెడ్లో నేర్చిన ఇల్మ్ ఈ చిన్న కారుకు కూడా అక్షరాలా పనికొచ్చింది.

అద్దంలా మెరవాలని కొందరు హార్డెనర్ కలిసిన 2కె క్లియర్ కొడతారు. మెరుపు నిజమే. అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి మంచి ఊపిరి ఉన్నోడికి కూడా ఆస్తమా తెప్పించగలవు. మా ఇంటి గడప అది దాటదు. టీఎస్ 13 క్లియర్ చాలు. అది కూడా లాకరే, ఆవిరి దానికీ ఉంది. బయటే కొట్టాలి, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకోవాలి. కోవిడ్ రోజుల మాస్క్ దీనికి చాలదు. ఇల్లు ఇరుకు, పసిపిల్లలు ఉన్నారు అంటే స్ప్రే మాటే వదిలి, నీళ్లతో కలిసే యాక్రిలిక్ సీసా, ఒక మంచి బ్రష్ కొనుక్కోండి. అందులో నామోషీ ఏం లేదు.

ఇంక హవా. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనీయొద్దని రాసి ఉంటుంది. మే నెలలో మన రేకుల షెడ్డు, ఎండలో నిలిపిన కారు ఆ లెక్కకు తేలిగ్గా చేరతాయి. డబ్బాను బియ్యం డ్రమ్ము పక్కన నీడలో పెట్టండి, పొయ్యికి దూరంగా. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే తుంపర గాల్లోనే సగం ఆరి, బాడీ మీద ఇసుక చల్లినట్లు ఖుర్దురాగా పడుతుంది. వాన ముసురులో కొడితే తేమ పట్టి తెల్లగా మసకబారుతుంది. చలికాలంలో, ఫజర్ నమాజ్ అయినాక, గాలి లేచి బేతంచెర్ల దారి దుమ్ము తెచ్చేలోపల, అదీ టైము. జానెడు దూరం నుంచి, చేయి ఆపకుండా, పల్చగా రెండు మూడు సార్లు.

రంగు దగ్గర మా ఇంట్లో జగడా అయింది. చిన్నోడికి టీఎస్ 8 ఇటాలియన్ రెడ్ కావాలి. వాళ్ల దాదాకు తెలుపు. ఆయన కొట్టిన సర్కారు అంబాసిడర్లన్నీ తెల్లవే. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది, ఆయన చేతిలో మాత్రం ఆగలేదు. టీఎస్ 26 ప్యూర్ వైట్ ఆర్డర్ పెట్టినా. ఎరుపు తర్వాతి కిట్‌కు అని వాదా చేస్తే, చిన్నోడు ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

అసలు చిక్కు వేరే. కొట్టేటప్పుడు పక్కన నిలబడతానని అబ్బాజాన్ జిద్దు. "దూరంగా కుర్చీ వేయి, చాలు" అంటారు. వేయను. పెద్ద దర్గా ఉర్సుకు ఆయన కడప పోయి మా ఫుప్పు ఇంట్లో పది రోజులు ఉంటారు. ఆ మొదటి రెండు రోజుల్లోనే మిద్దె మీద పని అయిపోవాలి. ఆయన తిరిగొచ్చేసరికి వాసన పూర్తిగా పోవాలి. ఈ మాట ఆయనకు ముందే చెప్పినా. కోపం వచ్చింది, రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

మూడో పూట ఆయనే వాటర్ పేపర్ అడిగినారు. వెయ్యి నంబరు ఇచ్చినా. వంటింటి గట్టు మీద నల్ల కడప బండ ఉంది, చదునుగా. దాని మీద పేపర్ పరిచి, సబ్బు నీళ్లు చల్లి, బీటిల్ బాడీకి అచ్చు గీతలు పోయేదాకా రుద్దుతున్నారు. తడి పని, దుమ్ము లేవదు, వాసన లేదు. రోజూ అసర్ అయినాక అరగంట. నిన్న "అయిపోయింది కదా" అన్నా. బొటనవేలితో కప్పు మీద ఒకసారి నిమిరి, "అభీ నహీ" అని మళ్లీ నీళ్లలో ముంచినారు.