తుంగగడ్డ

మా అమ్మ జీవితమంతా కలుపు తీసింది. నాట్లకీ కోతలకీ కూడా పోయేది గానీ అవి కొన్నాళ్లే. వరిలో, మిరపలో, పత్తిలో కలుపుంటే నెలల తరబడి నడుం ఎత్తేది కాదు. ఆ కూలితోనే నేను చదువుకున్నాను.

గుంటూరు శివారులో 2019లో ఇల్లు కొన్నాను. ఒకప్పుడు అవి మిరపచేలు. ఇంటి ముందు అర సెంటు జాగాలో పచ్చిక వేయించాను. మా కాలనీలో లాన్ అంటారు. ట్రాక్టరు ఎర్రమట్టి తోలించి, పలకల్లాగా కోసిన గడ్డి కొనుక్కొచ్చి పరిపించాను. గడ్డి కొన్నానని పల్లెలో చెప్పలేదు, నవ్వుతారు. తీరా చూస్తే అది గరికే. కాకపోతే కాస్త సన్నరకం. మా అమ్మ చేలో పెళ్లగించి గట్టున ఎండేసిన గరికే!

రెండు వానలు పడేసరికి ఎర్రమట్టితోపాటు వచ్చిన తుంగ లేచింది. ఆ వెనక వయ్యారిభామ, పల్లేరు. మూడేళ్లకి గరిక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. "ఏంటండీ, ఇట్టా వదిలేశారు?" అన్నాడు ఎదురింటాయన. అది మామూలు మాటే కావచ్చు. కానీ శుభ్రం గురించి ఎవరు ఏమన్నా మాకు మామూలుగా వినపడదు. మేం ఇల్లు చూసుకోను వచ్చినరోజే మా కులం వాకబు చేసిన మనిషి ఆయన.

గ్లైఫోసేట్ కొట్టించమని సలహా కూడా ఆయనదే. అది కలుపుతోపాటు గరికనూ చంపేస్తుంది. పైగా పురుగుల నివారణ పని చేసే వాళ్లు తప్ప దాన్ని వాడకూడదని కేంద్రం 2022లో ఉత్తర్వు తెచ్చింది. అవన్నీ అటుంచితే, చేలల్లోకి గడ్డిమందు వచ్చాక మా పల్లె ఆడోళ్లకి కలుపు పని ఎంత తగ్గిందో నాకు తెలుసు. నా ఇంటి ముందు ఆ మందు కొట్టించబుద్ధి కాలేదు.

2023 మే నెలలో ఇద్దరు ఆడవాళ్లని కూలికి పిలిచాను. మావాళ్లే. పొద్దున్నే మునుం పట్టారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూచున్నాను. కాసేపటికి లేచి మెట్టు మీద నిలబడ్డాను.

"పైపైన పీకుతున్నారమ్మా, గడ్డ లోపలే ఉండిపోతంది. చెయ్యి ఆడనియ్యండి, పొద్దెక్కింది" అన్నాను.

లోపల మంచంలోంచి అమ్మ అరిచింది.

"ఎవర్రా అబ్బయ్యా, గట్టు మీద?"

నాకు నోట మాట రాలేదు. నా చిన్నప్పుడు చెల్లెల్ని ఆడిస్తా నేను చేలో చెట్టుకింద కూచునేవాణ్ణి. గట్టు మీద గొడుగేసుకుని నిలబడేవాడు కామందు. "చెయ్యి ఆడనియ్యండే, పొద్దెక్కింది." అవే మాటలు. చివరి 'ఏ' ఒక్కటే నేను తీసేశాను. కారంచేడు జరిగిన 1985లో, కాలేజీలో ఆ గొంతుకి ఎదురుగా పిడికిలెత్తి అరిచినవాణ్ణి నేను. అది నా నోట్లోకి ఎప్పుడొచ్చి చేరిందో! ఆఫీసులో అటెండర్ని పిలిచేటప్పుడు కూడా అదే పలికేదేమో. అప్పుడు చెప్పటానికి ఎవరూ లేరు.

అమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చింది. పలుగందుకుని కూలబడింది.

"తుంగని పీకితే ఒకటికి నాలుగు లేస్తయ్. దారం పట్టుకోని పోవాల."

నిజమే. నేలలో గడ్డకీ గడ్డకీ మధ్య దారంలాంటి వేరుంటుంది. అది తెగితే అప్పటిదాకా నిద్రపోతున్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. అమ్మ ఒక గడ్డ గోటితో గీరి నాకు వాసన చూపించింది. కరువులో ఇయ్యే ఉడకేసుకుని తిన్నామంది. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ లుంగీ ఎగ్గట్టి పక్కన కూచున్నాను. గంటలో నడుం పట్టేసింది.

అమ్మ గరికని కూడా లాగి పారేస్తోంది. "అమా, అది ఉంచాలి" అన్నాను.

"గరికనా? కూలిచ్చి తీయించేవాళ్లని చూశా గానీ, కూలిచ్చి పెంచేవాణ్ణి నిన్నే చూశా."

మధ్యాహ్నం ఆ ఇద్దరూ గేటు పక్కన క్యారేజీలు విప్పారు. లోపలికొచ్చి తినమంది అమ్మ. వాళ్లు నా మొహం వంక చూశారు.

నాలుగు రోజులు పట్టింది. జానెడు లోతున తవ్వి, మట్టి జల్లెడ పట్టి, గడ్డలు ఏరి ఎండలో పోశాం. బాగా ఎండితే గాని అవి చావవు. ఏరిన గరికని తడి గోనెసంచుల కింద దాచాం. ఖాళీ నేలకి నీళ్లు పెట్టి, మిగిలిన తుంగ మొలిచాక మళ్లీ తవ్వాం. తొలకరికి గరిక ముక్కలు గుచ్చాం. కణుపు కణుపుకీ వేరు పోసుకుని ఇట్టే పాకింది.

తర్వాతి ఏడు వానలకి మళ్లీ పదిహేడు తుంగ మొక్కలు లేచాయి. లెక్కపెట్టింది అమ్మ. మెట్టు మీద కూచుని, ఎక్కడెక్కడున్నాయో కర్రతో చూపించింది. పలుగు నా చేతికిచ్చింది.