ఆహార్యమూ ఆచార్యత్వమూ

గత వేసవిలో మా అబ్బాయి దగ్గర, టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో మూడు నెలలున్నాను. నలభై దాటాక వాడికి గోల్ఫు మీద మనసు పోయింది. ఎండ ముదరకముందే నన్నూ వెంటబెట్టుకుని అభ్యాస మైదానానికి వెళ్లేవాడు. బుట్టెడు బంతులు కొట్టేవాడు. ప్రతి బంతీ కొంతదూరం బుద్ధిగా పోయి, ఆపైన కుడివైపుకు ఒరిగిపోయేది. దీన్ని 'స్లైసు' అంటారట.

వాడి గురువు యూట్యూబులో ఉంటాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, తెల్లని టోపీ, వెనుక పచ్చిక, గంభీరమైన కంఠం. ఆయన కొట్టిన బంతి గీత గీసినట్టు పోతుంది. చూస్తూంటే నాకే గురి కుదిరింది. "ఎనిమిది నెలలుగా వింటున్నావు, నీ బంతి దారికి రాలేదు కదరా" అంటే, వాడు నవ్వి, "ఆయన చక్కగానే చెబుతారు నాన్నగారూ, లోపం నాదే" అన్నాడు. ఆ మాట నాకు ములుకులా తగిలింది. కారణం చివర చెబుతాను.

రూపానికీ విద్యకూ సంబంధం లేదని అనను. శుభ్రమైన వేషం, స్పష్టమైన వాక్కు శిష్యుడి మనసును పాఠం వైపు తిప్పుతాయి. కానీ గురి వేరు, గుణం వేరు. బంతి బ్యాటు ఊగిన దారిలోనే బయలుదేరుతుందని పేరుమోసిన శిక్షకులు ఎందరో దశాబ్దాలపాటు బోధించారు. రాడారుతో కొలిచే పరికరాలు వచ్చాక తేలిందేమిటంటే, బంతి తొలి దిశను ఎక్కువగా నిర్ణయించేది బ్యాటు ముఖం చూసే దిక్కు. కంఠంలో ధీమా ఉన్నంత మాత్రాన సూత్రం నిజం కాదు.

ఆ ఆస్టిన్‌లోనే హార్వీ పెనిక్ అనే శిక్షకుడుండేవాడు. బంతులూ బ్యాట్లూ మోసే కుర్రవాడుగా మొదలై గురువైనవాడు. దశాబ్దాలపాటు ఒక ఎర్ర పుస్తకంలో రాసుకున్నవి 1992లో అచ్చయ్యేనాటికి ఆయనకు 87 ఏళ్లు. బెన్ క్రెన్‌షా, టామ్ కైట్ ఇద్దరూ ఆయన శిష్యులే. ఒకరికి చెప్పే పాఠాన్ని మరొకరిని చూడనిచ్చేవాడు కాడట. ఒకరి మందు మరొకరికి విషం కావచ్చునని కాబోలు! తెర మీది గురువుకు ఈ వీలు లేదు. ఆయనను లక్షమంది చూస్తారు. ఆయన ఒక్కరినీ చూడడు.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు గొప్పని తగవుపడితే, పరీక్ష వారికి పెట్టలేదు. శిష్యురాలిని ఆడించి చూశారు. గురువు కొలత శిష్యుడిలోనే ఉంది.

ఇక నా సంగతి. ఖండువా మడత నలగకుండా, కంచుకంఠంతో సంధిసూత్రాలు వల్లిస్తుంటే తరగతి నిశ్శబ్దంగా వినేది. 1991లో ఒక కుర్రవాడు 'మాయమ్మ'ను ప్రతిసారీ 'మాయ, అమ్మ' అని విడదీసేవాడు. 'మా, అమ్మ' కదా, ఇది యడాగమమని ఎన్నిసార్లు వల్లించానో! వాడు తల వంచుకుని, "తప్పు నాదేనండి మాస్టారూ" అనేవాడు. నేను ఔననే అనుకున్నాను. ఆ మరుసటి ఏడు వాడు బడి మానేశాడు.

చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు. అంతకుముందు వారం నేనే చెప్పిన అత్వసంధిని వాడు శ్రద్ధగా ప్రయోగించాడు. ఆ లెక్కన వాడి విభజన కుదురుతుంది కూడా. "ఎందుకలా విడదీశావురా?" అని ఒక్కసారి అడిగి ఉంటే చాలు. అడగలేదు. వాడు నన్ను చూశాడు; నేను వాణ్ణి చూడలేదు.