ఇంటిపేరు ముందా... వెనకా?

తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది. ఇంగ్లిషువాళ్లకి వెనకుంటుంది. అందులో ఎవరికీ నష్టం లేదు. ఎవరి ఊళ్లో, ఎవరి పద్ధతిలో వాళ్లకి శుభలేఖ నుంచి రేషన్‌కార్డు దాకా అన్నీ సాగిపోతూనే ఉంటాయి. చిక్కల్లా ఒకరి పేరును ఇంకొకరి పద్ధతిలో రాసిపెట్టమని కంప్యూటరుకు అప్పజెప్పినప్పుడే!

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో చరిత్ర పాఠాలు చెప్పే ఓ అధ్యాపకురాలికి ఆ చిక్కు పీహెచ్‌డీ రూపంలో ఎదురైంది. వాళ్లింట్లో అంత చదువు చదివింది ఆమే మొదలు. ఎంచుకున్న విషయం కోసం దూరం వెళ్లలేదు. నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చాక ఆ కాలువ కింది ఊళ్లు ఎలా మారాయన్నదే ఆమె పరిశోధన. మంజీరా నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. ఆ నీళ్లతోనే ఈ చుట్టుపక్కల వరీ చెరకూ పండాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి 'క్యాంపులు' కట్టుకున్నారు. ఆ కథంతా చెప్పాలంటే తెలుగు పుస్తకాలు చూడాలి, ఉర్దూ కాగితాలు చూడాలి, ఇంగ్లిషు నివేదికలు చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఊళ్లలో మిగిలిన పెద్దవాళ్లని అడగాలి.

ఆమె అన్నీ చేసింది. కాలేజీ అయ్యాక సాయంత్రాలు, సెలవురోజులు, వేసవులు... ఐదేళ్లు పట్టింది. సిద్ధాంత గ్రంథం ఇంగ్లిషులో రాసింది. రాయడం అయిపోయింది, ఇక మిగిలింది చివర్లో ఇచ్చే గ్రంథసూచే కదా అనుకుంది. అసలు పని అక్కడే మొదలైంది.

చదివింపుల పుస్తకం

గ్రంథసూచి అంటే కొత్తవాళ్లకి అర్థం కావాలంటే పెళ్లిలో చదివింపుల పుస్తకం గుర్తుచేసుకోవాలి. మండపం పక్కన ఒకాయన కూర్చుని ఎవరు, ఏ ఊరు, ఎంత అని వరసగా రాస్తాడు. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే మనం తిరిగి చదివించాలి మరి. పేరు తప్పు రాస్తే బాకీ ఎవరికి తీర్చాలో తెలీదు. పరిశోధన కూడా అంతే. ఏ మాట ఎవరి దగ్గర తీసుకున్నామో రాసిపెట్టడమే గ్రంథసూచి.

ఒకప్పుడు ఈ పనికి అట్టముక్కల్లాంటి కార్డులు వాడేవారు. ఇప్పుడు రిఫరెన్స్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. జొటేరో అలాంటిదే. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. వాడుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. గ్రంథాలయాల వెబ్‌సైట్లలో పుస్తకం కనబడగానే ఒక్క నొక్కు నొక్కితే రచయిత, పేరు, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ వచ్చి చేరిపోతాయి. వాటిని ఏ వరసలో, ఎక్కడ కామా పెట్టి, ఎక్కడ చుక్క పెట్టి చూపించాలో చెప్పే నియమావళి పేరు సైటేషన్ స్టైల్. ఆమెకు నిర్దేశించింది ఏపీఏ స్టైల్. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారిది. 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలై ఇప్పుడు లావుపాటి పుస్తకమైంది. దాని ప్రకారం రచయిత ఇంటిపేరు ముందు రాయాలి. ఆ తర్వాత కామా. ఆ తర్వాత సొంతపేరులోని పొడి అక్షరాలు.

ఇంటిపేరు ముందే కదా, మన పద్ధతే కదా అనిపిస్తుంది. కానీ ఏది ఇంటిపేరో కంప్యూటరుకి ఎవరు చెప్పాలి? పేరును విడదీసి ఇవ్వకపోతే చివరి మాటే ఇంటిపేరని అది లెక్కేసుకుంటుంది.

సురవరం వారు ఏమయ్యారు?

ఆమె మీట నొక్కింది. జాబితా గిర్రున తయారైంది. 'స' దగ్గర సురవరం ప్రతాపరెడ్డి కోసం వెతికింది. లేరు! 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన మనిషి, ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కిన మనిషి, 'రెడ్డి, ఎస్.పి.' అయిపోయి 'ఆర్' అక్షరం కింద పదిమంది రెడ్లలో ఒకరిగా కూర్చున్నారు. కాళోజీ నారాయణరావు 'రావు, కె.ఎన్.' అయ్యారు. శ్రీశ్రీని ఓ వెబ్‌సైట్ అసలు పేరుతో ఇచ్చింది. శ్రీరంగం శ్రీనివాసరావు కాస్తా 'రావు, ఎస్.ఎస్.'గా మారి ఆయన పక్కనే చేరారు. వాళ్లిద్దరినీ ఆ పేర్లతో ఏ తెలుగు పాఠకుడు గుర్తుపడతాడు?

నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ సంగతి ఇంకా విచిత్రం. నిజాంసాగర్‌ను కట్టించిన ఇంజినీరు ఆయన. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 'జంగ్', 'బహదూర్' అన్నవి నిజాం సర్కారు ఇచ్చిన బిరుదులు. కంప్యూటరు మాత్రం ఆయన ఇంటిపేరు 'బహదూర్' అని తేల్చేసింది. ఆ లెక్కన హైదరాబాదు సంస్థానంలో బిరుదు పొందిన నవాబులందరూ ఒకే ఇంటివాళ్లు!

ఇది నవ్వుకుని వదిలేసేది కాదు. ఒక్కో వెబ్‌సైట్ ఒక్కోలా ఇవ్వడంతో ఒకే రచయిత మూడు పేర్లతో మూడుచోట్ల ముగ్గురు మనుషులయ్యారు. ఇంకోచోట ముగ్గురు రావులు ఒకే సంవత్సరంలో పుస్తకాలు వేశారు. 'రావు' అని బ్రాకెట్‌లో రాస్తే ఏ రావు అన్న ప్రశ్న. ముసాయిదా చూసిన గైడు ఎర్ర సిరాతో అదే అడిగారు.

పరిశోధనలో చోరీని పట్టుకోవడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వాలి, 60 శాతం దాటితే ఏకంగా రిజిస్ట్రేషనే రద్దు. ఎవరి మాటో చెప్పకపోతే పట్టుకునే యంత్రాలున్నాయి. చెప్పాక పేరు తప్పుపోతే పట్టుకునే యంత్రం మాత్రం లేదు. అది మనిషే చూసుకోవాలి.

తాళం వేయని తలుపు

ఆమె మొదట ఒక్కో పేరునూ వర్డ్ ఫైలులో చేత్తో దిద్దింది. కొత్త పుస్తకం ఒకటి చేర్చగానే సాఫ్ట్‌వేర్ జాబితా మొత్తాన్ని మళ్లీ తనకు తోచినట్టు రాసేసింది. రెండు రాత్రుల శ్రమ మట్టిపాలు. కొసలు కత్తిరించి లాభం లేదు, మొదట్లోనే సరిచేయాలని అప్పుడు తెలిసింది.

అదృష్టం ఏమిటంటే ఈ స్టైల్ అన్నది తాళం వేసిన పెట్టె కాదు. సైటేషన్ స్టైల్ లాంగ్వేజ్ అని ఒకటుంది. బ్రూస్ డార్కస్ అనే భూగోళశాస్త్ర ఆచార్యుడు మొదలుపెట్టాడు. జొటేరో, మెండలే రెండూ దాన్నే వాడతాయి. పదివేలకు పైగా స్టైళ్లు అందులో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి స్టైలూ మామూలు అక్షరాలతో రాసిన ఒక చిన్న ఫైలు. తెరిచి చదవొచ్చు, మార్చుకోవచ్చు.

కంప్యూటర్ కోర్సు చదవని ఆమె ఆ ఫైలు తెరిచింది. మొదట కళ్లు తిరిగాయి. తర్వాత వంటింట్లో కొత్త మిక్సీని అర్థం చేసుకున్నట్టే ఒక్కో మీటా ఏం చేస్తుందో చూసుకుంది. రచయితల పేర్లు ఉన్నచోట ఇంటిపేరును ముందుకు తెచ్చే ఆదేశం ఒకటి. ఇంటిపేరుకీ సొంతపేరుకీ మధ్య ఏ గుర్తు ఉండాలో చెప్పేది ఇంకొకటి. సొంతపేరును పొడి అక్షరాలుగా కుదించేది మరొకటి. ఆ కుదించే ముక్కను తీసేసింది. కామా ఉన్నచోట ఒక్క ఖాళీ వదిలింది. అంతే! 'సురవరం ప్రతాపరెడ్డి' అని నిండుగా, మనం పిలుచుకునే వరసలోనే వచ్చింది. వ్యాసం మధ్యలో బ్రాకెట్‌లో 'సురవరం' అని ఒక్క ఇంటిపేరే వచ్చింది. గురజాడ, కందుకూరి, విశ్వనాథ అని మనం మాట్లాడుకునే తీరు అదే కదా!

అయితే స్టైల్ మార్చినంత మాత్రాన సరిపోదు. లోపల పేర్లు సరిగా ఉంటేనే బయట సరిగా వస్తాయి. అందుకని ఒక్కో పుస్తకం తెరిచి ఇంటిపేరును ఇంటిపేరు గడిలో, సొంతపేరును దాని గడిలో పెట్టుకుంటూ వచ్చింది. కలం పేర్లకీ బిరుదు పేర్లకీ ఉపాయం వేరే. పేరు పక్కనే ఓ చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే రెండు గళ్లూ కలిసి ఒకే గడి అవుతుంది. అందులో రాసింది రాసినట్టే ఉంటుంది, కంప్యూటరు ముక్కలు చేయదు. శ్రీశ్రీ శ్రీశ్రీగానే, అలీ నవాజ్ జంగ్ అలీ నవాజ్ జంగ్‌గానే మిగిలారు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. మార్చిన ఫైలుకు కొత్త పేరు, కొత్త గుర్తింపు పెట్టుకుంది. అలా పెట్టకపోతే అసలు స్టైల్‌కు కొత్త రూపం వచ్చినరోజు మన మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

''స్టైల్ మార్చావంటే యూనివర్సిటీ వాళ్లు ఒప్పుకుంటారామ్మా?'' అని గైడు సందేహించారు. ''చుక్కలూ సంవత్సరాలూ వాళ్లు చెప్పినట్టే ఉన్నాయి సార్. పేర్లు మాత్రం వాటి సొంతదారులు రాసుకున్నట్టు పెట్టాను'' అందామె. ఆయన కాసేపు ఆలోచించి ''అయితే ముందుమాటలో ఒక పేరా రాయి. ఎందుకు మార్చావో చెప్పు. చెప్పి చేస్తే ఎవరూ కాదనరు'' అన్నారు.

పేర్ల విషయంలో ఇబ్బంది మనొక్కరిదే కాదు. ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరుకో తల్లి పేరుకో 'కొడుకు', 'కూతురు' అని చేర్చుకుంటారు. అందుకే అక్కడ టెలిఫోన్ డైరెక్టరీని సొంతపేర్ల వరసలో అచ్చేసేవారు. చైనా, జపాన్ వాళ్లకి మనలాగే ఇంటిపేరు ముందుంటుంది. కామా సంప్రదాయం ప్రపంచంలో ఒక మూల నుంచి వచ్చింది, అంతే. మిగతా మూలల వాళ్లు దాన్ని సర్దుకుంటూనే ఉన్నారు.

అవ్వ పేరు ఎక్కడ రాయాలి?

పుస్తకాల సంగతి తేలింది. మనుషుల సంగతి మిగిలింది.

కాలువ తవ్విన కాలం గురించి తల్లిదండ్రుల దగ్గర విన్న ముసలివాళ్లు ఆమెకెన్నో చెప్పారు. మొదటిసారి నీళ్లొచ్చినప్పుడు ఊరు ఏం చేసింది, ఎవరి భూమి ఎవరి చేతికి వెళ్లింది, క్యాంపుల వాళ్లతో మొదట్లో ఎలా మాట్లాడుకునేవారు... ఇవేవీ అచ్చు పుస్తకాల్లో లేవు. ఓ అవ్వనైతే పేరు చెప్పమంటే ఒక్క మాటే చెప్పింది. ఇంటిపేరు అడిగితే ''అదెందుకు బిడ్డా, ఊర్ల ఎవర్నడిగినా నన్ను చూపిస్తరు'' అంది.

ఏపీఏ నియమం ప్రకారం ఇలాంటి మాటలు వ్యక్తిగత సంభాషణలు. వ్యాసం మధ్యలో బ్రాకెట్‌లో ప్రస్తావిస్తే చాలు, చివరి జాబితాలో ఉండవు. ఇంకొకరు వెళ్లి వెతుక్కోవడానికి దొరకవు కాబట్టి అన్నది వాళ్ల కారణం. కారణంలో తప్పులేదు. కానీ ఫలితం? ఓ అధ్యాయం మొత్తం నిలబడింది ఎవరి మాట మీదో వాళ్ల పేర్లే జాబితాలో ఉండవు. రెండు వాక్యాలకు అక్కరకొచ్చిన పుస్తకం మాత్రం ఠీవిగా ఉంటుంది.

ఇదే బాధ కెనడాలో ఆదివాసీ సమాజాలకీ ఎదురైంది. లొరీసియా మెక్‌లౌడ్ అనే ఆదివాసీ గ్రంథాలయ నిపుణురాలు 2021లో దీనిపై ఓ వ్యాసం ప్రచురించారు. పెద్దల మాటను పుస్తకంతో సమానంగా జాబితాలో రాయడానికి నమూనాలు ఇచ్చారు. పేరు, ఏ సమాజం, ఎక్కడుంటారు, ఏ విషయం చెప్పారు, ఏ తేదీన... ఇవీ అందులోని అంశాలు.

బాన్సువాడ అధ్యాపకురాలికి దారి దొరికింది. తన స్టైల్ ఫైలులో ఇంటర్వ్యూలకు ఓ కొత్త భాగం రాసుకుంది. పేరు, ఊరు, విషయం, తేదీ. అవన్నీ జాబితా చివర ఒకచోట చేరేలా వరస మార్చింది. ఆ భాగానికి శీర్షిక పెట్టడం సాఫ్ట్‌వేర్‌కు చేతకాలేదు, అది తానే టైపు చేసుకుంది.

పేర్లు అచ్చు వేసేముందు ఆమె ఇంకో పని చేసింది. సిద్ధాంత గ్రంథాలన్నీ ఇప్పుడు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లోకి వెళ్తాయి. ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు. అందుకని మళ్లీ ఊళ్లకు వెళ్లి ఒక్కొక్కరినీ అడిగింది. భూమి తగాదాల గురించి చెప్పిన ఇద్దరు తమ పేర్లు వద్దన్నారు. వాళ్ల పేర్లు తీసేసి ఊరు కూడా రాయలేదు. మిగతావాళ్లు సరేనన్నారు. ఇద్దరు అప్పటికే కాలం చేశారు. వాళ్ల పిల్లలు ఒప్పుకోవడమే కాదు, పేరులో అక్షరం తప్పు పోకుండా ఆధార్ కార్డు తెచ్చి చూపించారు. ఓ ఇంట్లోనైతే కార్డులోనే పేరు తప్పుంది. ''ఇది కాదు మేడమ్, మా నాయన పేరు ఇట్ల రాయాలె'' అని కొడుకు కాగితం మీద రాసిచ్చాడు. ఆమె ఆ కాగితం చూసే టైపు చేసింది.

ఒక్క మాటే పేరున్న అవ్వకు మాత్రం ఏ చిక్కూ రాలేదు. ఒకే గడి, ఒకే పేరు. ముందు కామా లేదు, వెనక పొడి అక్షరం లేదు. పక్కన ఊరి పేరు ఉంది. ఎవరైనా ఆ ఊరు వెళ్లి అడిగితే, అవ్వ చెప్పినట్టే, చూపిస్తారు.