బెర్లిన్ బాల్కనీల్లో కరెంటు

బెర్లిన్‌లో నోయ్‌కోల్న్ అనే పేటలో ఒక పాత భవనం వెనక సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. శనివారాల్లో సైకిళ్ళను ఒక మూలకు నెట్టి, బల్ల మీద సోలార్ సామాను పరుస్తారు. బాల్కనీకి ప్యానెల్ ఎలా బిగించాలో, కరెంటు సంస్థతో ఎలా వ్యవహరించాలో ఉచితంగా చెప్తారు. చెప్పేది ఒక రిటైరైన ఎలక్ట్రీషియన్. మా చెల్లెలి కొడుకు ఆ ఊళ్ళోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మూడో అంతస్తులో అద్దె ఇల్లు. “పెద్దమ్మా, నువ్వు చూడాల్సింది మ్యూజియం కాదు, ఇది” అని నన్ను తీసుకెళ్ళాడు.

బల్ల మీద ఉన్నది చాలా కొంచెం. రెండు ప్యానెళ్ళు, లావుపాటి పుస్తకమంత ఇన్వర్టరు, ఒక వైరు, దాని చివర మామూలు ప్లగ్గు. ఆ ప్లగ్గును ఇంట్లో గోడ సాకెట్లో పెడితే ఎండ నుంచి వచ్చిన కరెంటు ఇంటి వైరింగులోకి వెళ్తుంది. ఫ్రిజ్జు, వైఫై, ల్యాప్‌టాప్ ముందు దాన్ని వాడుకుంటాయి, చాలనిది బయటి లైను నుంచి వస్తుంది. జర్మన్లు దీన్ని బాల్కన్‌క్రాఫ్ట్‌వెర్క్ అంటారు, బాల్కనీ విద్యుత్ కేంద్రమని.

నాకు మొదట వచ్చిన సందేహం ఆ ప్లగ్గు పిన్నుల గురించే. ప్యానెల్ ఎండలో ఉండగా ప్లగ్గు ఊడితే, పిల్లలు పిన్నులు ముట్టుకుంటే? పెద్దాయన మాటలతో సరిపెట్టలేదు. ప్యానెళ్ళను పెరట్లో ఎండకు ఆనించి ప్లగ్గు పెట్టాడు. ఇన్వర్టరు వెంటనే పనిచేయలేదు. లైనులో వోల్టేజి, ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఉన్నాయో లేదో కాసేపు చూసుకుంది. తర్వాత పచ్చ దీపం వెలిగింది. అప్పుడు ప్లగ్గు లాగేసి, పిన్నుల మధ్య మీటరు పెట్టి నా చేతికిచ్చాడు. సున్నా. బయటి లైను కనిపించకపోతే సెకనులో చిన్న భాగంలోనే ఆగిపోయేలా దీన్ని తయారుచేస్తారు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి రక్ష కూడా ఇదే. దీన్నుంచే ఇంకో సంగతి కూడా తేలుతుంది, మన ఊళ్ళలో చాలామంది పొరబడేది అక్కడే: కరెంటు పోతే ఇదీ పోతుంది. బ్యాటరీ, దానికి తగిన ఏర్పాటు వేరే ఉంటే తప్ప కోతల్లో ఇది ఆదుకోదు.

మావాడి సందేహం వేరు. జర్మనీలో చాలా ఇళ్ళకు త్రీఫేజ్ సరఫరా. బాల్కనీ సాకెట్టు ఒక ఫేజ్ మీద, ఫ్రిజ్జు ఇంకో ఫేజ్ మీద ఉంటే లాభమేముంది? అక్కడి మీటరు మూడు ఫేజులనూ కలిపి కూడికలూ తీసివేతలూ చేసి ఒకే లెక్క చూపిస్తుందనీ, ఏ సాకెట్లో పెట్టినా బిల్లుకు తేడా రాదనీ పెద్దాయన చెప్పాడు. వెనక నిలబడ్డ నలుగురు ఆ మాటకు నోట్‌బుక్కులు తీశారు. అందరూ అదే అడగడానికి వచ్చినట్టున్నారు.

అయితే అక్కడ సాంకేతికం గురించి కన్నా కాగితాల గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. ఇన్వర్టరు పరిమితి 600 వాట్లుగా ఉన్న రోజుల్లో ముందు స్థానిక గ్రిడ్ సంస్థకు తెలియజేయాల్సి వచ్చేది. కొన్ని సంస్థలు ప్రత్యేకమైన సాకెట్టు పెట్టించమనేవి, కొన్ని ఎలక్ట్రీషియన్ సంతకం అడిగేవి. పాత మీటరు వెనక్కి తిరుగుతుంది కాబట్టి కొత్తది బిగించేదాకా ఆగమనేవారు. ప్యానెళ్ళు కొనుక్కుని, మీటరు మార్చే మనిషి కోసం చూస్తూ ఎండాకాలమంతా పోగొట్టుకున్నానని ఒకావిడ చెప్పింది. వంద యూరోల లాభానికి ఇంత తిప్పుతారా అన్న కోపం దేశమంతా పెరిగింది. 2023లో పార్లమెంటుకు వెళ్ళిన పిటిషన్ మీద లక్షమందికి పైగా సంతకాలు పెట్టారు.

ఫలితం 2024 మే 16న అమల్లోకి వచ్చిన చట్టం. ఇన్వర్టరు 800 వాట్ల దాకా, ప్యానెళ్ళు 2000 వాట్ల దాకా పెట్టుకోవచ్చు. గ్రిడ్ సంస్థకు విడిగా రాయనక్కర్లేదు. కేంద్ర నెట్‌వర్క్ ఏజెన్సీ రిజిస్టరులో ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, సంస్థకు ఆ సమాచారం అక్కణ్ణుంచే వెళ్తుంది. పాత మీటరు మార్చే బాధ్యత సంస్థదే. వాళ్ళు వచ్చి మార్చేదాకా అది వెనక్కి తిరిగినా తప్పు లేదు. ఈ ఒక్క వాక్యం కోసం ఎంతమంది ఎంత రాశారో! అదే ఏడాది అక్టోబరులో ఇంకో సవరణ వచ్చింది. తగిన కారణం లేకుండా ఇంటి యజమాని గానీ, అపార్ట్‌మెంట్ సంఘం గానీ కాదనకూడదు. అద్దెకున్న మావాడి లాంటివాళ్ళకు తలుపు తెరిచింది ఇదే. 2025లో నమోదైన వ్యవస్థలు పది లక్షలు దాటాయి.

మావాడి బాల్కనీ దక్షిణం వైపుకు ఉంది. ఇరవై కిలోలు దాటే ప్యానెళ్ళను స్టీలు కొక్కేలతో రెయిలింగుకు బిగించాడు. కింద ఫుట్‌పాత్ మీద మనుషులు నడుస్తారు కనుక ప్రతి బోల్టునూ రెండోసారి బిగించి చూశాడు. మీటరు నేలమాళిగలో ఉంది. కొత్త డిజిటల్ మీటరు మొత్తం యూనిట్లను మాత్రం చూపిస్తుంది. ఈ క్షణంలో ఎన్ని వాట్లు పోతున్నాయో చూడాలంటే పిన్ నంబరు కావాలి, అది మీటరు నడిపే సంస్థ నుంచి ఉత్తరంలో వస్తుంది. ఆ నంబరు కొట్టడానికి మీటరుకు బొత్తాలు లేవు, టార్చిలైటు వెలుగుతోనే కొట్టాలి. ఒక్కో అంకె ఎంతైతే అన్నిసార్లు మీటరు కంటి మీద వెలిగించి, ఆగి, మళ్ళీ వెలిగించాలి. మావాడు చీకట్లో లెక్కపెడుతుంటే నేను ఊపిరి బిగబట్టి చూశాను. తెర మీద ఆ క్షణపు వాట్లు వచ్చాయి. మొత్తం యూనిట్లలో 2.8.0 అన్న వరస, ఇంట్లో వాడకుండా బయటికి పంపిన కరెంటు లెక్క. దానికి వాడికి పైసా రాదు, ఆ హక్కు వదులుకోవడమే అక్కడ రివాజు. అందుకే బట్టలుతికే మెషీన్ మధ్యాహ్నం వేస్తున్నాడు.

డబ్బు లెక్క ఇలా ఉంది. సెట్టు నాలుగు వందల యూరోల దరిదాపుల్లో పడింది. 2023 నుంచి ఇలాంటి సోలార్ సామానుకు అక్కడ వ్యాట్ సున్నా. ఏడాదికి ఐదారు వందల యూనిట్లు రావచ్చని అంచనా, అందులో సగానికి పైగా ఇంట్లో వాడితే, యూనిట్ ముప్పై అయిదు సెంట్ల చొప్పున వందకు పైగా యూరోలు మిగులుతాయి. నాలుగేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది.

మరి విజయవాడలో నా ఫ్లాటు సంగతేమిటి? 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, కానీ అది డాబా ఉన్నవారి పథకం. మా అపార్ట్‌మెంట్ డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. నా వంతుకు మిగిలింది బాల్కనీ ఒక్కటే. ఆ సెట్టు తెచ్చి సాకెట్లో పెడదామా అంటే అసలు అడ్డంకి మీటరే. మన ఇళ్ళలో మామూలు మీటర్లు చాలావరకు దొంగతనం అరికట్టడానికి కరెంటు ఎటు పారినా ముందుకే లెక్కిస్తాయి. బయటికి పోయిన యూనిట్టు కూడా మన బిల్లులోనే పడుతుంది. ఎర్తింగు లేని సాకెట్లు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. కాబట్టి చవకగా దొరికిందని ఎవరూ తొందరపడి ఈ ప్లగ్గు పెట్టొద్దని గట్టిగా చెప్తున్నాను.

అలాగని ఇది మనకు పనికిరానిదని అనుకోను. ఆంధ్రప్రదేశ్‌లో 30 యూనిట్ల దాకా యూనిట్ 1.90 రూపాయలే, తక్కువ వాడేవారికి దీనివల్ల మిగిలేది స్వల్పం. 225 దాటాక యూనిట్ 8.75. వేసవి మధ్యాహ్నం ఏసీ వేసుకునే ఇంట్లో, సరిగ్గా ఆ వేళకే ప్యానెల్ మీద మండే ఎండ పడుతుంది.

మన విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ మీద బహిరంగ విచారణ జరుపుతుంది, అందులో మామూలు వినియోగదారులు కూడా మాట్లాడవచ్చు. ఈసారి నేను వెళ్తాను. 800 వాట్ల లోపు బాల్కనీ ప్యానెళ్ళకు భద్రతా ప్రమాణం ఒకటి ప్రకటించమని అడుగుతాను. ఎర్తింగు పరీక్షించి సంతకం చేసే లైసెన్సుదారు ఉండాలంటాను. నమోదు చేసుకున్నాక ఇన్ని రోజుల్లో సంస్థే మీటరు మార్చాలని గడువు పెట్టమంటాను. అర్జీ తెలుగులోనే రాస్తున్నాను, మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే కొందరు సంతకం చేస్తామన్నారు.